బియ్యం డబ్బాకు పడిన చిల్లు

సీతమ్మధార,
విశాఖపట్నం

తమ్ముడూ,

నువ్వు రివాల్వర్ లైసెన్సుకు దరఖాస్తు పెడుతున్నావని పెద్దమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నాకెందుకు చెప్పిందని దాని మీద కేకలు వేయకు. ముందు నాకు నవ్వొచ్చింది. దీపావళికి తాటాకు టపాకాయ పేలితే అమ్మ కొంగులో దూరినవాడివి, అరవై నాలుగేళ్లకు తుపాకీ పడతానంటున్నావు! అబద్ధమెందుకు, కాస్త గర్వంగానూ అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కాగితాల సంగతి నీకు చెప్పనక్కరలేదు, జన్మంతా ఆఫీసులోనే గడిపావు. భీమిలి కూడా కమిషనరేట్ కిందికే వస్తుంది కాబట్టి దరఖాస్తు పోలీస్ కమిషనర్‌కే. విచారణకు వస్తారు, డాక్టరు సర్టిఫికెట్ కావాలి, ఆయుధ శిక్షణ పొందాలి. లైసెన్సు ఇస్తే 5 ఏళ్లు చెల్లుతుంది. తూటా మందాన్ని బట్టి తుపాకీకి పేరు: 9 ఎం.ఎం., .38 మనలాంటివాళ్లకు ఇవ్వరు. .32 గానీ .22 గానీ తీసుకోవాలి.

కొట్లో పిస్టల్ చూపిస్తారు. పలచగా, ముచ్చటగా ఉంటుంది. దాని జోలికి వెళ్లకు. ఎందుకో చెప్పాలంటే, పన్నెండేళ్లుగా నీ దగ్గర దాచిన సంగతి ఒకటి చెప్పాలి.

నేవీలో ఇరవై ఏళ్లు ఆయుధాల మధ్య బతికినవాణ్ణి. ఆ పొగరుతోనే .32 పిస్టల్ కొన్నాను. అప్పటికి రెండేళ్ల ముందే బాత్రూములో పడి కుడి మణికట్టు విరిగింది, నీకు గుర్తుండే ఉంటుంది. కట్టు విప్పాక చేయి బాగానే ఉందని అందరికీ చెప్పాను. ఉత్తదే. తడి తువ్వాలు పిండాలంటే మీ వదినని పిలిచేవాణ్ణి. అయినా కొట్లో పిస్టల్ పైభాగాన వెనక్కి జరిగే స్లైడ్‌ని పళ్లు బిగబట్టి ఒక్కసారి లాగి, "చాలా తేలిగ్గా ఉంది" అన్నాను. కౌంటరు వెనక పాతికేళ్ల కుర్రాడు నిలబడి ఉన్నాడు మరి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మా ప్రహరీగోడ పడిపోయింది, రోజుల తరబడి కరెంటు లేదు. మూడో రాత్రి పెరట్లో ఎవరో నడుస్తున్న చప్పుడైంది. కొవ్వొత్తి వెలుగులో పిస్టల్ తీశాను. మొదటి తూటా లోపలికి ఎక్కాలంటే ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చేత్తో స్లైడ్‌ని చివరిదాకా వెనక్కి లాగాలి. లోపలి స్ప్రింగు గట్టిది. అరచేతులకు చెమట. పొట్టకు ఆనించి లాగాను. దాదాపు చివరిదాకా వచ్చి, చేయి జారి, ఠక్కున ముందుకు పోయింది. తూటా ఎక్కలేదనుకున్నాను. ఎక్కింది. మళ్లీ లాగబోతూ వేలు ట్రిగ్గర్ మీద పెట్టాను.

వంటింటి గడపలో మీ వదిన నిలబడి ఉంది. తూటా ఆమె పాదానికి జానెడు దూరంలో బియ్యం డబ్బాలోకి దిగింది. నా చెవుల్లో హోరు తగ్గేసరికి, చిల్లులోంచి బియ్యం సన్నగా ధారకట్టి ఆమె కాలివేళ్ల మీద పడుతున్నాయి. ఆమె కాలు కదపలేదు, అరవలేదు. పెరట్లోంచి పక్కింటి కుర్రాడి గొంతు వినిపించింది: "అంకుల్, మంచినీళ్లు తెచ్చాను." ఆ రోజుల్లో నీళ్ల బిందె అంటే బంగారమని నీకు తెలుసు. తెల్లవారగానే స్టేషన్‌కు వెళ్లి జరిగింది చెప్పి, పిస్టల్ అప్పగించి వచ్చాను. డబ్బాకు చిల్లేమిటని నువ్వడిగితే గాలికి రేకుముక్క ఎగిరొచ్చి తగిలిందన్నాను. క్షమించు.

రివాల్వర్‌కు ఈ లాగుడు బాధ లేదు. తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, తరువాతిది ముందుకొస్తుంది. అయితే ట్రిగ్గర్ నొక్కడమే ఒక బరువు. వెనకవైపు తూటాను కొట్టే హ్యామర్‌ను బొటనవేలితో వెనక్కి వంచుకుంటే తేలికవుతుంది కానీ, కీళ్లవాతం ఉన్నది నీ బొటనవేలికే కదా! పైగా అలా వంచాక తుమ్మినా పేలేంత తేలిక. డీలరుని అడిగి, ఖాళీ రివాల్వర్‌ని గోడవైపు పెట్టి పదిసార్లు వరసగా నొక్కి చూడు. ఏడోసారికి వేలు వణికితే మర్యాదగా తిరిగి ఇచ్చేయి. నాలాగా గొప్పకు పోకు.

తేలికైనదని మురిసిపోవద్దు. తుపాకీ ఎంత తేలికైతే చేతిని అంత గట్టిగా తంతుంది. 2014లో కాన్పూర్ నుంచి వచ్చిన నిర్భీక్ రివాల్వర్ అర కిలో పైచిలుకు, తూటాలు పెట్టాలంటే మడిచి తెరవాలి. 2023లో కాన్పూర్ నుంచే వచ్చిన ప్రబల్ రివాల్వర్ 675 గ్రాములు, తూటాలుండే గుండ్రటి సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. నీ వేళ్లకు అదే నయమనిపిస్తోంది. ముందు ఇంట్లో ఒక పని చెయ్యి. సీసాలో ముప్పావు లీటరు నీళ్లు పోసి, రెండు చేతులతో కంటి ఎత్తున పట్టుకుని ఇరవై లెక్కపెట్టు. నీళ్లు ఊగితే బరువైనది నీకు కుదరదు. అప్పుడు .22 చూడు, దెబ్బ తక్కువే కానీ తన్నుడూ తక్కువే. శుక్లాల ఆపరేషన్ వాయిదా వేస్తున్నావట. అది ముందు చేయించుకో, కనబడని దాని మీద ఏం గురిపెడతావు?

భీమిలి ఉప్పుగాలికి మన గేటే నిలవలేదు. తోలు ఒరలో పెట్టి మరిచిపోతే తుప్పు పట్టడం ఖాయం. వేసవిలో మనవలు వస్తారు, ఇనుప పెట్టె, తాళం లేకుండా ఇంట్లోకి తేవద్దు. పారిపోయే దొంగ వీపు మీద కాలిస్తే అది ఆత్మరక్షణ కాదు, జైలు.

ఇవన్నీ రాస్తున్నాను కానీ, నా భయం దొంగ గురించి కాదు. మరదలు పోయి పద్నాలుగు నెలలైంది. రాత్రి రెండింటికి లేచి వరండాలో కూర్చుంటున్నావని అమ్మాయి చెప్పింది. ఆ వేళ నీ ఇంట్లో తుపాకీ ఉండటం నాకు ఇష్టం లేదు. కోప్పడితే కోప్పడు. నీకు అలాంటి ఆలోచన ఏమైనా వస్తోందా? సూటిగానే అడుగుతున్నాను, సూటిగానే చెప్పు. లైసెన్సు వచ్చినా వెంటనే కొనాలని లేదు. వర్షాలు తగ్గేదాకా మా ఇంట్లో ఉండు, మేడమీద గది ఖాళీయే. రెండింటికి మెలకువ వస్తే నన్ను లేపు. నాకూ ఆ వేళకు నిద్ర ఉండదు.

ఆదివారం భీమిలి బస్సెక్కి వస్తున్నాను. మీ వదిన ఆవకాయ పంపుతోంది. జాడీ మూత నేనే బిగించాను, నేను చూస్తుండగా నువ్వే తియ్యాలి.

మీ
అన్నయ్య