మొదటిసారి రిమోట్‌తో నడిచే ఎలక్ట్రిక్ ఆర్‌సీ విమానం ఎగరేసే ముందు ఏమేం చూసుకోవాలి?

శ్రీకాకుళంలో ఉంటున్నానని, ఫోమ్ ట్రైనర్ కిట్ తెప్పించి కట్టానని, బ్యాటరీ 3ఎస్ 2200 (మూడు సెల్స్, 2200 ఎంఏహెచ్ లిపో) అని రాశారు. ఆదివారం ఎగరేసే ముందు ఏం చూసుకోవాలి, ఒక్కడినే వెళ్లొచ్చా అని మీ ప్రశ్న.

నాది ఆమదాలవలస పక్కన. ఇప్పటిదాకా నాలుగు విమానాలు పోగొట్టాను. అందులో మూడు నాకు నడపడం రాక పోయినవి కావు, చేతిలో ఉండగా సరిగ్గా చూడక పోయినవి.

మొదటిదాని సంగతి చెప్తాను. సంక్రాంతి వెళ్లాక, కోత అయిపోయిన వరి మడిలో. ఇంటి దగ్గర స్టిక్ కదిపితే ఐలెరాన్లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) కదిలాయి, ఇంకేం అనుకున్నాను. కదులుతున్నాయా అని చూశాను గానీ ఎటు కదులుతున్నాయో చూడలేదు. చేత్తో విసరగానే కాస్త ఎడమకు ఒరిగింది. కుడికి స్టిక్ కొట్టాను, ఇంకా ఎడమకే ఒరిగింది. కంగారులో మరింత గట్టిగా కొట్టాను. మూడు సెకన్లలో గట్టు మీది తాటిచెట్టు మొదట్లో ముక్కు దిగబడింది. అక్కడే గేదెల్ని కాస్తున్న తాత "ఏటి బాబూ, ఇంతేనా?" అన్నాడు.

కాబట్టి తోక వెనకాల నిలబడి చూడండి. స్టిక్ కుడికి కొడితే కుడి రెక్క ఐలెరాన్ పైకి లేవాలి, ఎడమది కిందికి దిగాలి. ఎలివేటర్ స్టిక్ మీ వైపు లాగితే తోక మీది అడ్డ పలక పైకి లేవాలి. రడ్డర్ (తోక మీది నిలువు పలక) మాత్రం స్టిక్ ఎటైతే అటే. ఇంట్లో చూశాను కదా అనుకోకండి, పొలంలో విసిరే ముందు ప్రతిసారీ చూడండి. రిమోట్‌లో వేరే మోడల్ సెలెక్ట్ అయి ఉన్నా ఇక్కడే దొరికిపోతుంది.

తర్వాత బ్యాలెన్స్. కిట్ కాగితంలో సీజీ (విమానం బరువు సమంగా నిలిచే చోటు) ఎక్కడో రాసి ఉంటుంది. లేకపోతే రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో పావు వంతు దాటి, మూడో వంతు లోపు పెట్టుకోండి. రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు ఉంటే 5 నుంచి 6 దగ్గర. నేను అక్కడ రెక్క కింద రెండు వైపులా మా ఆవిడ బొట్టుబిళ్ల ఒక్కోటి అంటిస్తాను, చూడకుండానే వేలికి తగులుతుంది. బ్యాటరీ లోపల పెట్టి, మూత వేసి, ఆ బిళ్లల కింద వేళ్లు పెట్టి ఎత్తండి. సమంగా నిలవాలి, లేదా ముక్కు ఓ పిసరు వంగాలి. తోక దిగితే మాత్రం ఎగరేయొద్దు. బ్యాటరీ ముందుకు జరపండి. అప్పటికీ చాలకపోతే చేపల వలలకు కట్టే సీసం గుండ్లు ముక్కులో పెట్టి టేపు వేయండి. కళింగపట్నం వెళ్లినప్పుడు నేను గుప్పెడు తెచ్చుకున్నాను, ఇప్పటికీ వాడుతున్నాను.

అతుకులన్నీ లాగి చూడండి. గ్లూ గన్‌తో అంటించిన కంట్రోల్ హార్న్ (పలకని కదిపే కడ్డీ తగిలించే చిన్న కొమ్ము) నాకొకటి మే నెల ఎండలో మెత్తబడి ఊడి వచ్చింది. రెండో విమానం అలా పోయింది. మామూలు సూపర్ గ్లూ అయితే థర్మాకోల్‌ని తినేస్తుంది, ఫోమ్‌కి పనికొచ్చేదని రాసి ఉన్నదే కొనండి.

ప్రొపెల్లర్ దగ్గర భయం ఉండాలి. ఇంట్లో చేసే సెట్టింగులన్నీ అది ఊడదీసే చేయండి. ఒకసారి మెడలో రిమోట్ వేలాడుతుండగా మూత పెట్టడానికి వంగాను, చొక్కా అంచు మోటార్ వేగం పెంచే థ్రాటిల్ స్టిక్‌ని తోసింది. చూపుడు వేలికి మూడు కుట్లు. ఆ రోజే థ్రాటిల్ కట్ స్విచ్ (స్టిక్ కదిలినా మోటార్ తిరగకుండా ఆపేది) పెట్టుకున్నాను, మీరు ముందే పెట్టుకోండి. ఎప్పుడూ రిమోట్ ముందు ఆన్ చేసి, తర్వాతే బ్యాటరీ కలపండి. తీసేటప్పుడు బ్యాటరీ ముందు, రిమోట్ తర్వాత. బిగించేటప్పుడు ప్రొపెల్లర్ మీద అంకెలున్న వైపు ముందుకు ఉండాలి. మోటార్ తిరగబడి తిరుగుతుంటే మూడు తీగల్లో ఏ రెండైనా మార్చండి చాలు.

ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటార్ ఆగే ఏర్పాటు) కూడా ప్రొపెల్లర్ లేకుండానే చూడాలి: మోటార్ తిరుగుతుండగా రిమోట్ ఆపేయండి, మోటార్ ఆగాలి. రేంజ్ చెక్ (రిమోట్ సిగ్నల్ ఎంత దూరం అందుతుందో చూడడం) మీ రిమోట్ పుస్తకంలో చెప్పినట్టు చేయండి.

బ్యాటరీ నిండితే 12.6 వోల్టులు. 2.2 ఆంపియర్ల మీద, బ్యాలెన్స్ తీగ (సెల్స్ అన్నీ సమంగా నిండేలా చూసేది) కలిపి, ఎదురుగా కూర్చుని ఛార్జ్ చేయండి. ఉబ్బింది వాడకండి. ఎండలో బండి డిక్కీలో వదలకండి. టైమర్ 5 నిమిషాలకు పెట్టి దించేయండి. దిగాక 11.1 కన్నా తక్కువ చూపిస్తే వచ్చేసారి ఇంకా ముందే దించాలి.

పొద్దున్న ఏడు లోపు ఎగరేస్తే మంచిది, ఎండెక్కితే మనకు సముద్రపు గాలి మొదలవుతుంది. గుప్పెడు ఊక పైనుంచి వదిలితే గాలి ఎటో తెలుస్తుంది, దానికి ఎదురుగా విసరండి. కరెంటు తీగలకు దూరంగా ఉండండి. 2021 డ్రోన్ రూల్స్ ఈ బొమ్మ విమానాలకీ వర్తిస్తాయి. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ పొలం ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూసుకోండి, అక్కడైనా 400 అడుగులు దాటొద్దు. భోగాపురం విమానాశ్రయం చాయల్లో అసలీ సరదా వద్దు.

ఒక్కరే వెళ్లొద్దు. విమానం కనపడగానే ఊళ్లో పిల్లలంతా చుట్టూ మూగుతారు, వాళ్లని మీ వెనక్కి పంపి అక్కడే ఉంచడానికి ఒక మనిషి కావాలి. నా వేలు తెగినప్పుడు ఆసుపత్రికి బండి నడిపింది కూడా పక్కన వచ్చిన మా బావమరిదే.