ఖాళీ అయిన నీళ్ల గురించి రాయమ్మా

చిరంజీవి మాధవికి, ఆశీస్సులు.

తెల్ల సొర (గ్రేట్ వైట్ షార్క్) మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ చేప మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ముందు ఆ మొదటి వాక్యం తీసెయ్యి. "తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు" మంచి సామెతే. కానీ దాంతో మొదలుపెడితే కథ అక్కడే అయిపోయింది, చదివేవాడు తన్నుల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు. ఓర్కా (సొరలను కూడా వేటాడే, డాల్ఫిన్ల కుటుంబంలోని పెద్ద జంతువు), సొర తలపడగా మనుషులు కళ్లారా చూసిన సందర్భాలు చాలా తక్కువ. ఓర్కా రాగానే సొర ఆ చోటు వదిలి వెళ్లిపోవడం మాత్రం తేదీలతో, గంటలతో సహా నమోదైంది. నీ దగ్గరున్న గట్టి సరుకు అదే.

ఫారలాన్ దీవులతో మొదలుపెట్టు. శాన్ ఫ్రాన్సిస్కోకి పడమట సముద్రంలో ఉన్న రాతి దీవులవి. శరదృతువులో ఏనుగు సీళ్ల కోసం పెద్ద పెద్ద తెల్ల సొరలు అక్కడికి చేరతాయి. ఆగ్నేయ ఫారలాన్ దగ్గర ఒక్క సీజన్‌లో సగటున 40 దాకా సీళ్ల వేటలు నమోదవుతాయి. 1997 అక్టోబరు 4న, తిమింగలాలు చూడటానికి పడవలో వెళ్లిన జనం కళ్లెదుటే ఒక ఓర్కా తెల్ల సొరను చంపింది. ఆ తర్వాత ఆ నీళ్లలో సొరలు కనపడలేదు. నువ్వు ఈ సంఘటనకు రెండు పేజీలిచ్చి, 2009ని ఒక్క వాక్యంలో దాటేశావు. తారుమారు చెయ్యి.

2009 నవంబరు 2న ఓర్కాలు ఆ దీవి పక్క నుంచి కొద్ది గంటలు తిరిగి వెళ్లిపోయాయి. అప్పటికి అక్కడ ట్యాగు (జాడ తెలిపే చిన్న పరికరం) కట్టిన సొరలు 17 ఉన్నాయి. కొన్ని గంటల్లోనే అన్నీ ఖాళీ చేశాయి. కొన్ని ఆ తీరంలోనే వేరే సీళ్ల స్థావరాల దగ్గర తేలాయి. ఫారలాన్‌కు మాత్రం ఆ సీజన్‌లో మళ్లీ రాలేదు. ఓర్కాలు గంటలోపే దాటిపోయిన ఏడాదుల్లోనూ ఇదే తీరు. 2019లో అచ్చయిన పరిశోధన 2006 నుంచి 2013 దాకా ట్యాగు కట్టిన 165 సొరల రికార్డులను 27 ఏళ్ల సీళ్ల లెక్కలతో పోల్చి చూసింది. సొరలు వెళ్లిపోయిన ఏడాదుల్లో సీళ్ల చావులు నాలుగు నుంచి ఏడు రెట్లు తగ్గాయని తేలింది. ఓర్కా అంటే సొరకున్న భయం సీలుకు ప్రాణం పోసింది. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే.

ఇక్కడ ఒక జాగ్రత్త. "17 సొరలు మాయమయ్యాయి" అని రాశావు. ట్యాగు శబ్ద సంకేతం పంపుతుంది, నీటి అడుగున దించిన రిసీవరు దాన్ని వింటుంది. సంకేతం ఆగితే సొర ఆ రిసీవరు పరిధి దాటిందని అర్థం. చచ్చిందని కాదు, మాయమైందనీ కాదు. "పరిధి దాటాయి" అని రాయి. ఓర్కా వచ్చిందని సొర ఎలా పసిగట్టిందో ఎవరూ తేల్చలేదు కాబట్టి "రక్తం వాసన పట్టి" అన్న ముక్క కూడా కొట్టెయ్యి.

భయం ఎంతో చదివేవాడికి అందాలంటే, అదే సొర తన జాతితో ఎలా మసలుకుంటుందో ముందు చూపించాలి. రెండు సొరలు ఎదురైతే చిన్నది పక్కకు తప్పుకుంటుంది. కొన్నిసార్లు పక్కపక్కనే ఈదుతూ ఒకదాని పొడవు ఒకటి అంచనా వేసుకుంటాయి. చంపిన సీలు దగ్గర రెండు కలిస్తే తోక పైకెత్తి నీటిని ఫెడీమని కొడతాయి, నీళ్లు ఎదుటిదాని మీద పడేలా. గట్టిగా, ఎక్కువసార్లు కొట్టినదానికే సీలు దక్కుతుందని ఫారలాన్ దగ్గర వీడియోలు చూసిన పరిశోధకులు 1990లలోనే రాశారు. కరుచుకోకుండానే తగువు తీరుతుంది. ఇంత కొలిచి ప్రవర్తించే జంతువు, ఓర్కా విషయంలో మాత్రం ఏ కొలతా వేసుకోకుండా వెళ్లిపోతుంది. ఈ రెండూ పక్కపక్కన పెడితే చాలు, "గజగజ వణికింది" లాంటి మాటల అవసరం ఉండదు.

ఇక గాయం. దక్షిణాఫ్రికాలోని గాన్స్‌బాయ్ తీరానికి 2017లో, ఓర్కాలు చంపగా కొట్టుకొచ్చిన కళేబరాల్లో 4.9 మీటర్ల ఆడ సొర ఒకటి. రొమ్ము రెక్కల మధ్య పొట్ట చీలి ఉంది, లోపల కార్జం లేదు. మిగతా ఒళ్లంతా అలాగే ఉంది. నువ్వు "కాలేయం" అన్నావు, తప్పు లేదు. "కార్జం" అంటే మాత్రం మన పాఠకుడి చేతికి దాని బరువు తెలుస్తుంది. తెల్ల సొర ఒంటి బరువులో నాలుగో వంతు దాకా అదే ఉండొచ్చు. సొరకు గాలి తిత్తి ఉండదు; కార్జంలోని నూనే దాన్ని తేలుస్తుంది, నెలల తరబడి చేసే ప్రయాణాలకు ఇంధనమూ అదే. ఓర్కా ఆ ఒక్కటి తీసుకుని మాంసం వదిలేస్తోందంటే, కారణం ఆ నూనెలో ఉన్న బలం. దీన్ని "క్రూరత్వం" అనకు.

దక్షిణాఫ్రికా తీరంలో తిరిగే పోర్ట్, స్టార్‌బోర్డ్ అనే ఆ రెండు మగ ఓర్కాలకు పేర్లు ఎందుకు వచ్చాయో చెప్పావు: ఓడల వాళ్ల భాషలో పోర్ట్ అంటే ఎడమ, స్టార్‌బోర్డ్ అంటే కుడి; ఒకదాని వీపు రెక్క ఎడమకు, రెండోదానిది కుడికి వాలి ఉంటుంది. బాగుంది. దానికి 2023 జూన్‌లో అదే దేశంలోని మోసెల్ బే దగ్గర జరిగింది కలుపు. స్టార్‌బోర్డ్ ఒంటరిగా 2.5 మీటర్ల పిల్ల సొర ఎడమ రొమ్ము రెక్క పట్టి, ముందుకు తోసి తోసి, రెండు నిమిషాల లోపే పని ముగించింది. తర్వాత లేత నారింజ రంగు కార్జం నోట కరుచుకుని పడవ పక్క నుంచి వెళ్లింది. ఆ రంగు తప్పకుండా రాయి, అలంకారాలేవీ దాని పక్కన పెట్టకు.

అయితే ఆ తీరంలో సొరలు తగ్గిపోవడాన్ని మొత్తం ఈ రెండింటి నెత్తిన రుద్దావు. ఇక్కడే నువ్వు దొరికిపోతావు. సొరలు తూర్పు తీరానికి జరిగాయి గానీ మొత్తం సంఖ్య తగ్గలేదని కొందరు పరిశోధకులు వాదిస్తున్నారు. తెల్ల సొర తినే చిన్న జాతి సొరలను పట్టే గాలపు తాళ్ల వేట, తూర్పున ఉన్న క్వాజులు-నటాల్ తీరంలో స్నానాల రేవుల దగ్గర జనం రక్షణకు కట్టిన వలలు కూడా కారణమని మరికొందరు అంటున్నారు. రెండు వాదాలకూ చెరో పేరా ఇవ్వు. ఖాళీ అయిన చోట్లకు ఎవరొచ్చారో కూడా రాయి: గాన్స్‌బాయ్‌లో రాగి రంగు సొరలు పెరిగాయి, కేప్‌టౌన్ పక్కనున్న ఫాల్స్ బేలోని సీల్ ఐలాండ్ దగ్గర అంతకు ముందు కనపడని ఏడు మొప్పల సొరలు తిరగడం మొదలుపెట్టాయి.

మాటల సంగతి ఒకటి మిగిలింది. "హంతక తిమింగలం" అని తొమ్మిదిసార్లు వాడావు. అది డాల్ఫిన్ల కుటుంబానిది, "ఓర్కా" చాలు. "షార్క్" బదులు మన జాలరుల మాట "సొర" వాడు. జాతి తెలియాల్సిన చోట మొదటిసారి "గ్రేట్ వైట్ షార్క్" అని చెప్పి, ఆపైన తెల్ల సొర అను. అడుగులూ మీటర్లూ కలిపేశావు, అన్నీ మీటర్లలోకి మార్చు.

చివరి పేరాలో "సముద్రపు రారాజు ఎవరు?" అని అడిగావు, అది తీసేసి ఏడు మొప్పల సొరల దగ్గర ఆపు. రెండో ప్రతి 2009 నుంచి మొదలుపెట్టి పంపు.

ఆశీస్సులతో.