అక్కని అడగండి: పోలీసు బిల్డింగుకి అప్పు, ఓటు లేని మనం అడగొచ్చా?

ప్రశ్న: అక్కా, మేం టెక్సాస్‌లో ఉంటాం, ఇల్లు కొని ఆరేళ్ళయింది, ఇంకా హెచ్‌వన్ మీదే ఉన్నాం. మా సిటీ కౌన్సిల్లో కొత్త పోలీసు బిల్డింగుకి 50 మిలియన్ డాలర్లు బాండ్ల మీద తేవాలని నెల రోజులుగా ఒకటే చర్చ. ఒకాయన నవంబర్లో ఓటింగ్ పెడదాం అంటాడు, ఇంకొకాయన ఓటింగ్ ఎందుకు సర్టిఫికెట్లతో తెచ్చేద్దాం అంటాడు. తేడా ఏంటి? మా పన్ను ఎంత పెరుగుద్ది? ఓటే లేని మేము మాట్లాడితే ఎవరైనా వింటారా? (పేరు వద్దన్నారు, టెక్సాస్)

జవాబు: తమ్ముడూ, ముందు ఆ రెండో ఆయన మాట చూద్దాం, అసలు మెలిక అక్కడే ఉంది. జనరల్ ఆబ్లిగేషన్ బాండ్లు, అంటే ఇంటి పన్నులోంచి తీర్చే అప్పు, తేవాలంటే మీ దగ్గర జనం ఓటేసి ఒప్పుకోవాలి. సర్టిఫికెట్స్ ఆఫ్ ఆబ్లిగేషన్ అని ఇంకోటుంది, 1971 చట్టం, దానికి ఓటింగ్ అక్కర్లేదు, కౌన్సిల్ ఓకే అంటే చాలు, కానీ తీర్చేది మాత్రం అదే ఇంటి పన్నులోంచి. కాకపోతే కౌన్సిల్ ఓకే అనే తేదీకి 45 రోజులకి ముందే పేపర్లో నోటీసు వెయ్యాలి, ఆ లోపు రిజిస్టర్డ్ ఓటర్లలో 5 శాతం మంది సంతకాలు పెట్టి పిటిషన్ ఇస్తే అప్పుడు ఓటింగ్ పెట్టి తీరాలి. ఆ నోటీసు ఎవరూ చదవరు, అదే నా బాధ. వరదకి బ్రిడ్జి కొట్టుకుపోయింది, రేపే కట్టాలి అంటే సర్టిఫికెట్లు తెచ్చుకోండి, నేనేం అనను. ఏళ్ళ తరబడి ప్లాన్ చేసుకున్న పోలీసు బిల్డింగుకి జనాన్ని అడక్కపోవడానికి నాకైతే ఒక్క కారణం కూడా కనపడట్లేదు.

ఇక పన్ను సంగతి. మీ సిటీ లెక్కలు నా దగ్గర లేవు కాబట్టి ఒక ఉదాహరణ చెప్తా, మీ అంకెలు వేసుకుని చూస్కోండి. ఊళ్ళో పన్ను పడే ఆస్తుల విలువ మొత్తం 10 బిలియన్లు, మీ ఇంటి విలువ 4 లక్షల డాలర్లు, వడ్డీ 4 శాతం అనుకుందాం. 20 ఏళ్ళకి తీసుకుంటే సిటీ ఏటా దాదాపు 3.68 మిలియన్లు కట్టాలి, మీ వాటా ఏడాదికి 147 డాలర్ల దాకా వస్తుంది. 30 ఏళ్ళకి సాగదీస్తే మీకు 116కి తగ్గుతుంది, బాగుంది కదా అనిపిస్తుంది, కానీ ఊరు కట్టే మొత్తం 73.6 మిలియన్ల నుంచి 86.7కి పోతుంది, అంటే అదనంగా 13 మిలియన్లు ఉత్త వడ్డీకే. మీటింగుల్లో నెలకి ఇన్ని డాలర్లే అని చెప్తారు గానీ మొత్తం ఎంతో అడిగితే తప్ప చెప్పరు.

అట్లాంటాలో 2023 జూన్‌లో పోలీసు ట్రైనింగ్ సెంటర్ మీద ఇదే జరిగింది. సిటీ వాటా 30 మిలియన్లు అనే అందరూ అనుకున్నారు, తీరా చూస్తే నేరుగా 31 మిలియన్లు, దాని మీద 30 ఏళ్ళ పాటు ఏటా 1.2 మిలియన్ల లీజు కూడా ఉంది, అన్నీ కలిపితే 67 మిలియన్లు. జనం పద్నాలుగు గంటలకి పైగా వరసలో నిలబడి మాట్లాడారు, అయినా 11-4తో పాసయింది.

ఇంకో మాట, మీ పన్ను రేటులో రెండు ముక్కలుంటాయి, జీతాలూ రోజువారీ ఖర్చులకి ఎం అండ్ ఓ, అప్పులకి ఐ అండ్ ఎస్. 2019 చట్టంతో చాలా సిటీలకి మొదటి దాని రాబడి 3.5 శాతం మించి పెరగాలంటే జనాన్ని అడగాలి, రెండో దానికి ఆ పరిమితి లేదు. బాండ్ డబ్బుతో బిల్డింగ్ వస్తుంది, పోలీసుల జీతాలు రావు. రేపు ఆ పెద్ద బిల్డింగుకి కరెంటు, క్లీనింగ్, రిపేర్లు అన్నీ ఆ మొదటి ముక్కలోంచే, జీతాలతో పోటీపడి. ఆ ఖర్చెంతో ఇప్పుడే అడగండి.

నేను పోలీసులకి వ్యతిరేకం కాదు. ఎవిడెన్స్ రూమ్‌లో నీళ్ళు కారితే కేసులే పోతాయి, 911 కాల్స్ తీసుకునే చోట జనరేటర్ ఆగితే ప్రాణాలే పోతాయి, లేడీ ఆఫీసర్లకి సరైన లాకర్ రూమ్ కూడా లేని పాత స్టేషన్లున్నాయి. అవసరం నిజమైతే అదే జనానికి చూపించి ఓటు అడగమనండి. డిజైన్ రెడీనా అని కూడా అడగండి, కొన్నవాళ్ళకి వడ్డీ మీద ఇన్‌కం టాక్స్ పడని బాండ్లు తెస్తే ఆ డబ్బులో 85 శాతం మూడేళ్ళలో ఖర్చవుతుందన్న అంచనా ఉండాలి.

మీ చివరి ప్రశ్న నన్ను కదిలించింది. మాట్లాడొచ్చు, నిక్షేపంగా మాట్లాడొచ్చు. అజెండాలో ఉన్న విషయం మీద కౌన్సిల్ నిర్ణయం తీసుకునే ముందే జనాన్ని మాట్లాడనివ్వాలని టెక్సాస్ చట్టమే చెప్తోంది, అక్కడ వీసా ఎవరూ అడగరు. ఆరేళ్ళుగా పన్ను కడుతున్నారు, ఆ మాటతోనే మొదలుపెట్టండి. కానీ పిటిషన్ మీద మాత్రం సంతకం పెట్టొద్దు, అది ఓటర్లకే. ఎవరైనా ఉత్సాహంగా వచ్చి ఓటరు ఫారం చేతిలో పెట్టినా నింపొద్దు, సిటిజన్ కాకుండా సిటిజన్ అని టిక్కు పెడితే గ్రీన్ కార్డుకే ఎసరు. సిటిజన్‌షిప్ వచ్చిన పక్కింటివాళ్ళకి ఆ నోటీసు చూపించండి, వాళ్ళని కదిలించండి.

ప్రశ్న: మాది కాలిఫోర్నియా, ఇక్కడ సిటీ ఇలాంటి బాండ్లు తేవాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలంటున్నారు, నిజమేనా?

జవాబు: నిజమే. స్కూల్ బాండ్లకి 2000లో 55 శాతానికి తగ్గించారు, అందుబాటు ధర ఇళ్ళకీ ప్రజా నిర్మాణాలకీ అలాగే తగ్గిద్దామని 2024 నవంబర్లో ప్రపోజిషన్ 5 పేరుతో జనం ఓటుకి పెడితే ఓడిపోయింది. అయితే లీజ్ రెవెన్యూ బాండ్లని మీ దగ్గరా ఒక దారుంది, సిటీ అప్పు తేవడానికి తానే పెట్టుకున్న సంస్థ (ఫైనాన్సింగ్ అథారిటీ) నుంచే బిల్డింగుని అద్దెకి తీసుకుంటుంది, దానికి ఓటింగ్ ఉండదు. కొత్త పన్ను లేదని చెప్తారు, అద్దె మాత్రం జనరల్ ఫండ్‌లోంచి పోతుంది, లైబ్రరీలూ పార్కులూ నడిచేది కూడా ఆ డబ్బుతోనే. అజెండాలో ఆ పేరు కనిపిస్తే ఏ పద్దులో కోత పెడతారో రాతపూర్వకంగా అడగండి.