డ్యూక్ కహానమోకును హవాయిలో ఇప్పటికీ తలుచుకుంటారా?

వచ్చే ఆగస్టులో పిల్లలతో హోనలూలూ వెళ్తున్నామని, వైకీకీ బీచ్‌లో డ్యూక్ కహానమోకు విగ్రహం తప్పక చూడమని అందరూ చెబుతున్నారని రాశారు. ఆయన పోయి ఇన్నేళ్ళయింది కదా, అక్కడివాళ్ళు నిజంగా తలుచుకుంటారా, లేక అది టూరిస్టులు ఫోటోలు దిగే చోటు మాత్రమేనా అన్నది మీ ప్రశ్న.

నిజంగానే తలుచుకుంటారు. కాకపోతే విగ్రహం దగ్గర నిలబడితే అందులో కొంతే కనిపిస్తుంది. మావారి ఉద్యోగం వల్ల 2016 నుంచి 2019 దాకా మేము హోనలూలూలో ఉన్నాం. ఆ మూడేళ్ళలో కళ్ళారా చూసింది చెబుతాను.

ముందు ఆయన గురించి నాలుగు ముక్కలు. ఈతలో ఒలింపిక్ విజేత, సర్ఫింగ్‌లో, అంటే పొడవాటి బోర్డు మీద నిలబడి అలల మీద సాగడంలో, పేరు మోసిన మనిషి. డ్యూక్ 1890 ఆగస్టు 24న హోనలూలూలో పుట్టారు. అప్పటికి హవాయి ఇంకా ఒక రాజ్యం. ఆయనకు మూడేళ్ళు నిండకముందే అక్కడి రాణిని గద్దె దించేశారు. 1898లో అమెరికా ఆ దీవుల్ని కలిపేసుకుంది. డ్యూక్ అన్నది బిరుదు కాదు, తండ్రి నుంచి వచ్చిన పేరు. 1911లో హోనలూలూ రేవు నీళ్ళలో 100 గజాల దూరాన్ని 55.4 సెకన్లలో ఈదేశారు. అప్పటి ప్రపంచ రికార్డు కంటే అది 4.6 సెకన్లు తక్కువ. అంత తేడా సాధ్యం కాదని అమెరికాలోని క్రీడా సంఘం దాన్ని ఒప్పుకోలేదు. మరుసటి ఏడాదే స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో బంగారు పతకం తెచ్చారు. 1916 ఒలింపిక్స్ యుద్ధం వల్ల జరగలేదు. 1920లో ఆంట్‌వెర్ప్‌లో మళ్ళీ బంగారం, రిలేలో ఇంకొకటి. 1924లో పారిస్‌లో జానీ వైస్‌ముల్లర్ మొదట వస్తే ఈయనకు రజతం, ఈయన తమ్ముడు సామ్‌కు కాంస్యం. అప్పటికి ఆయన వయసు 33.

ఆ పతకాలన్నీ అమెరికా జెండా కింద గెలిచినవే. కానీ హవాయి వాళ్ళు ఆయన్ను తమ రాజ్యంలో పుట్టిన బిడ్డగానే చూస్తారు. ఈ సంగతి తెలియకపోతే అక్కడి పెద్దవాళ్ళు ఆయన పేరెత్తగానే ఎందుకు అంత మెత్తబడతారో అర్థం కాదు.

ఇక విగ్రహం. కలాకువా అవెన్యూ పక్కనే, కుహియో బీచ్‌లో ఉంటుంది. తొమ్మిది అడుగుల కంచు విగ్రహం. రెండు చేతులూ చాచి, వెనక నిలువెత్తు సర్ఫింగ్ బోర్డుతో నిలబడి ఉంటారు. ఆయన నూరో పుట్టినరోజున, 1990 ఆగస్టు 24న ఆవిష్కరించారు. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ చేతుల నిండా పూలదండలే. ఆ రోజు జయంతీ కాదు, వర్ధంతీ కాదు, మామూలు మంగళవారం. మన దగ్గర విగ్రహానికి దండ పడాలంటే ఏదో ఒక రోజు రావాలి, ఎవరో ఒక నాయకుడు రావాలి. అక్కడ ఊరు వదిలి వెళ్ళేవాళ్ళు, పెళ్ళయినవాళ్ళు, పరీక్ష పాసైన పిల్లలు ఎవరికి వాళ్ళే వచ్చి మెడలోని దండ తీసి ఆయన చేతికి తగిలించి వెళ్ళిపోతారు. ఎక్కువగా దేవగన్నేరు పూలే. మన గుళ్ళ ముందు రాలి ఉండే పువ్వు అంత దూరాన ఆయన చేతి మీద చూసేసరికి నాకు ఒళ్ళు జలదరించింది.

ఆ విగ్రహం గురించి ఒక పేచీ ఉంది, వెళ్ళేముందు తెలుసుకోండి. ఆయన ముఖం రోడ్డు వైపు, వీపు సముద్రం వైపు ఉంటుంది. అలల మీద ఆడేవాడు ఎప్పుడూ సముద్రానికి వీపు పెట్టడని, అది ప్రమాదమే కాక మర్యాద కూడా కాదని అక్కడివాళ్ళు చాలామంది అప్పట్లో బాధపడ్డారు. వచ్చేవాళ్ళను చేతులు చాచి ఆహ్వానిస్తున్నట్టు ఉండాలన్నది రెండోవైపు మాట. నేను బాధపడినవాళ్ళ వైపే. మా భీమిలిలో వేటకు వెళ్ళే తాతలు కూడా ఒడ్డున నిలబడి కబుర్లు చెబుతున్నంతసేపూ ఓ కన్ను నీళ్ళ మీదే ఉంచుతారు.

భీమిలి మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. నాకు పదకొండేళ్ళప్పుడు మా అన్నయ్య కార్తీక పౌర్ణమి సముద్రస్నానానికి వెళ్ళి అలల్లో కొట్టుకుపోయాడు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఒడ్డున చాలామంది ఉన్నారు. ఈత వచ్చినవాళ్ళు లేరు, విసరడానికి తాడు లేదు, ట్యూబు లేదు. ఆ తర్వాత మా అమ్మ మమ్మల్ని బీచ్ రోడ్డు వైపు కూడా పోనివ్వలేదు. హోనలూలూలో మా ఇల్లు సముద్రానికి పది నిమిషాల నడక. అయినా మొదటి ఆరు నెలలూ నేను చెప్పులు విప్పి తడి ఇసుక మీద అడుగు పెట్టలేదు.

నాకు నీటి మీద తేలడం నేర్పింది బోర్డులు అద్దెకిచ్చే చోట కూర్చునే ఒక పెద్దాయన. అక్కడ కూడా పెద్దవాళ్ళను అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు, చుట్టరికం ఉన్నా లేకపోయినా. ఆయనకు డెబ్బై ఏళ్ళుంటాయి. డ్యూక్ పోయినప్పుడు ఆయనకు ఇరవై. నేను అన్నయ్య విషయం చెప్పిన రోజున ఆయన ఓదార్పు మాటలేవీ అనలేదు. 1925 సంగతి చెప్పారు.

ఆ ఏడాది జూన్ 14న డ్యూక్ కాలిఫోర్నియాలో, న్యూపోర్ట్ దగ్గర కరోనా డెల్ మార్ ఒడ్డున స్నేహితులతో ఉన్నారు. పెద్ద అలలు. రేవు ముఖద్వారం దగ్గర థెల్మా అనే పడవ తిరగబడింది. అందులో 29 మంది. డ్యూక్ బోర్డు తీసుకుని ఆ అలల్లోకి వెళ్ళి, దొరికినవాళ్ళను బోర్డు మీదకు లాగి ఒడ్డుకు చేర్చి, మళ్ళీ వెళ్ళి, మళ్ళీ వెళ్ళి, ఒక్కరే 8 మందిని బతికించారు. ఆయన స్నేహితులు మరో నలుగురిని తెచ్చారు. 17 మంది పోయారు. మనిషిని కాపాడటానికి బోర్డు ఎంత పనికొస్తుందో ఆ రోజు అందరూ చూశారు. తర్వాత లైఫ్‌గార్డుల దగ్గర బోర్డు ఉండటం మామూలైపోయింది.

"నువ్వు రోజూ చూస్తున్నావే, ఆ లైఫ్‌గార్డు టవర్‌కు ఆనించి ఉన్న బోర్డు, అది డ్యూక్ జ్ఞాపకమే" అన్నారు అంకుల్. ఆ టవర్ ముందు నుంచి నేను ఆరు నెలలుగా నడిచి వెళ్తున్నాను. ఆ బోర్డు వైపు సరిగ్గా ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మాట విన్నాక ఇంటికి వెళ్ళి చాలాసేపు ఏడ్చాను. మా అన్నయ్య వెళ్ళిన రోజున అలాంటి చెక్క ఒకటి, దాన్ని వాడటం వచ్చిన మనిషి ఒకరు ఆ ఒడ్డున ఉండి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

ఆయన పేరు మీద ఇంకా చాలా ఉన్నాయి. ఒక మడుగు, ఒక బీచ్, ఒక పేరున్న రెస్టారెంట్, 2002లో వచ్చిన 37 సెంట్ల తపాలా బిళ్ళ. అవన్నీ మీకు ఎలాగూ కనిపిస్తాయి. ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర ఫ్రెష్‌వాటర్ అనే ఊరు ఉంది. 1914 చివర్లో డ్యూక్ అక్కడికి వెళ్ళినప్పుడు ఆ ఊళ్ళోనే పైన్ చెక్కతో బోర్డు చెక్కి, దాని మీద అలలెక్కి చూపించారు. ఆ బోర్డును అక్కడి లైఫ్ సేవింగ్ క్లబ్ వాళ్ళు ఇవాళ్టికీ దాచుకున్నారు. సర్ఫింగ్ ఒలింపిక్స్‌లోకి రావాలన్నది డ్యూక్ కోరిక. ఆయన పోయిన యాభై మూడేళ్ళకు, 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో తొలిసారి పెట్టారు. ఆడవాళ్ళ బంగారు పతకం గెలిచింది ఎవరనుకున్నారు? హోనలూలూలో పుట్టిన కరిస్సా మూర్. అప్పటికి మేము విశాఖ వచ్చేశాం. ఆ రోజు అంకుల్‌కు ఫోన్ చేస్తే ఆయనకు మాట పెగల్లేదు.

డ్యూక్ 1968 జనవరి 22న గుండెపోటుతో పోయారు, 77 ఏళ్ళకు. ఆయన అస్థికలను వైకీకీ సముద్రంలోనే కలిపారు. పక్కన దన్నుకొయ్య ఉండే ఔట్‌రిగ్గర్ పడవల్లో తీసుకెళ్ళారు. అంకుల్ ఆ రోజు ఒడ్డున జనంలో ఉన్నారట. అంతమంది ఉండి కూడా అంత నిశ్శబ్దంగా ఉన్న వైకీకీని తర్వాతెప్పుడూ చూడలేదని అన్నారు.

సముద్రంతో బతికిన మనిషి పోతే అక్కడ ఇప్పటికీ ఇలాగే సాగనంపుతారు. దాన్ని పాడిల్ అవుట్ అంటారు. మేము తిరిగి వచ్చేసే ముందు, 2019లో, అంకుల్ స్నేహితుడొకరు పోయారు. నన్నూ రమ్మన్నారు. లైఫ్ జాకెట్ వేసుకుని, పడవ మధ్యలో కూర్చుని వెళ్ళాను. టెన్షన్‌తో చేతులు వణుకుతూనే ఉన్నాయి. అల విరిగే చోటు దాటాక నీళ్ళు నున్నగా ఉంటాయి. బోర్డుల మీద వచ్చినవాళ్ళు, పడవల్లో వచ్చినవాళ్ళు అందరూ ఒక పెద్ద గుండ్రంగా చేరారు. ఒకాయన హవాయి భాషలో ప్రార్థన చదివారు. తర్వాత పూలు వదిలారు, అరచేతులతో నీళ్ళు ఎగజిమ్ముతూ ఆయన పేరు పెట్టి గట్టిగా కేకలు వేశారు. మన దగ్గర అస్థి నిమజ్జనంలో మంత్రం ఉంటుంది, కన్నీళ్ళు ఉంటాయి. ఇలా చప్పట్లు కొట్టినట్టు నీళ్ళు కొట్టడం నేనెప్పుడూ చూడలేదు. అంకుల్ నా దోసిట్లో ఇంకో నాలుగు పూలు పెట్టి ఏమీ అనకుండా ముఖం అటు తిప్పుకున్నారు. అవి ఎవరికో నాకు తెలుసు. అన్నయ్యా అని పిలిచి వదిలాను. ఇరవై ఏడేళ్ళ తర్వాత సముద్రంలో ఆ మాట అనగలిగాను.

మీరు ఆగస్టులోనే వెళ్తున్నారు కాబట్టి 24వ తేదీ దగ్గర్లో ఉండేలా చూసుకోండి. ఆ రోజుల్లో డ్యూక్స్ ఓషన్‌ఫెస్ట్ అని పోటీలు జరుగుతాయి, విగ్రహానికి దండలు వేసే కార్యక్రమం కూడా ఉంటుంది. జనం ఉంటారు, పొద్దున్నే వెళ్ళండి. ఫోటో తీసుకోవడంలో తప్పేమీ లేదు, అందరూ తీసుకుంటారు. తర్వాత పిల్లల్ని లైఫ్‌గార్డు టవర్ దగ్గరికి తీసుకెళ్ళి ఆ బోర్డు చూపించి 1925 సంగతి చెప్పండి. వీలైతే వాళ్ళకు ఈత నేర్పించే తీసుకెళ్ళండి, ఇంకా టైమ్ ఉంది.

దండ విగ్రహానికి వేస్తే అలాగే వేయొచ్చు. సముద్రంలో వదలాలనిపిస్తే మాత్రం దారం తీసేసి విడి పూలే వదలండి. ఆ నీళ్ళలో తాబేళ్ళు ఎక్కువ, దారం వాటికి చుట్టుకుంటుంది. దారం మీ జేబులో పెట్టుకుని వచ్చేయండి. నాది ఇంకా నా దగ్గరే ఉంది.