పాఠకులకు కృతజ్ఞత చెప్పడం ఎలా?

ప్రశ్న: పత్రికల్లో వచ్చిన నా వ్యాసాలను పుస్తకంగా వేస్తున్నాను. ముందుమాట చివర ఇలా రాశాను: ‘నా రచనలను ఆదరించిన నా పాఠక మహాశయులందరికీ హృదయపూర్వక ధన్యవాదములు తెలియజేసుకుంటూ, మీ ఋణం తీర్చుకోలేనిది. ఇట్లు మీ విధేయురాలు.’ డీటీపీ చేసే అబ్బాయి ‘ధన్యవాదం’ హిందీ మాట, ‘కృతజ్ఞతలు’ అని మార్చమన్నాడు. మా తమ్ముడేమో కృతజ్ఞతకు బహువచనం లేదంటున్నాడు. ఏది సరైనది?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, చిత్తూరు

సమాధానం: అమ్మా, రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే. హిందీవాళ్లు పొద్దస్తమానం వాడతారు గనక ‘ధన్యవాదం’ వాళ్ల సొత్తులా అనిపిస్తుంది, అంతే. నువ్వు ధన్యుడివి అని మెచ్చుకోవడం దాని మూలార్థం. ఇప్పుడు థాంక్స్‌కు బదులుగా తెలుగులో స్థిరపడిపోయింది. దాన్ని తప్పని కొట్టేయను. అయితే ‘ములు’ వద్దు. మిగతా పుస్తకమంతా వ్యావహారికంలో ఉన్నప్పుడు ఇదొక్కటి గ్రాంథికం దేనికి? ‘ధన్యవాదాలు’ అంటే చాలు.

మీ సందర్భానికి మాత్రం నా ఓటు కృతజ్ఞతకే. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగిన. అవతలివారు చేసిన మేలు ఎరిగి ఉండటం కృతజ్ఞత. ఆ మేలును చంపేసేవాడు కృతఘ్నుడు.

మీ తమ్ముడి మాటలో సగం నిజముంది. ‘మీ పట్ల నాకు కృతజ్ఞత ఉంది’ అంటాం గానీ ‘కృతజ్ఞతలు ఉన్నాయి’ అనం. మనసులో ఉన్నంతసేపూ అది ఏకవచనమే. ఎదుటివారికి అందించేటప్పుడు బహువచనమవుతుంది. ఒక్కసారే చేతులు జోడించినా నమస్కారాలు అంటున్నాం కదా. శుభాకాంక్షలు, ఆశీస్సులు, అభినందనలు కూడా అలాంటివే. కాబట్టి ‘కృతజ్ఞతలు తెలుపుతున్నాను’ నిక్షేపంగా రాయవచ్చు.

అసలు చిక్కు మీరు అడగని చోట ఉంది. ‘తెలియజేసుకుంటూ’ అన్నది మీరు, ‘తీర్చుకోలేనిది’ ఋణం. ఒక పని చేస్తూ మరో పని జరిగిందని చెప్పేటప్పుడు రెండింటికీ కర్త ఒక్కరే కావాలి. ‘కాఫీ తాగుతూ కరెంటు పోయింది’ అంటే కాఫీ తాగింది కరెంటా? ‘తాగుతుంటే’ అనాలి. మీ వాక్యాన్ని రెండుగా విరిచేయండి. ‘తెలియజేసుకోవడం’ కూడా మైకు పట్టుకున్న ప్రతివారికీ అలవాటైపోయింది. మనవి చేసుకుంటాం, విన్నవించుకుంటాం. అవసరం మనది గనక అక్కడ ‘కొను’ (ఈ ‘కుంటాం’ దాని రూపమే) అతుకుతుంది. ఋణం తీర్చుకోవడంలోనూ అంతే, అప్పు మనది. కృతజ్ఞత వెళ్లేది ఎదుటివారికి గనక ‘తెలుపుతున్నాను’ చాలు. (ఋణమంటే గుర్తొచ్చింది. మనిషి పుట్టుకతోనే మూడు అప్పులు తెచ్చుకుంటాడని, వాటిలో ఋషిఋణం చదువుతోనే తీరుతుందని పెద్దల మాట. ఆ లెక్కన చదివినవారు తమ అప్పు తీర్చేసుకున్నట్టే. రాసినవారు చదివినవారికి పడే అప్పు మాత్రం ఆ జాబితాలో లేదు!)

‘నా పాఠకులు’ తప్పు కాదు. నాకు మాత్రం కొంచెం జమీందారీ వాసన కొడుతుంది. ‘ఈ వ్యాసాలు చదివినవారు’ అనండి. ‘చదువరులు’ అన్నా ఇంపుగా ఉంటుంది. ‘మహాశయులు’ సభలకు వదిలేయండి.

ఇక ‘ఆదరించిన’. దీనితోనే నాకు పేచీ. చేసినది ఎరగడమే కృతజ్ఞత అయినప్పుడు, ఏం చేశారో చెప్పాలి కదా. భక్తులు రోజుకో వేషం కట్టే తిరుపతి గంగజాతర మీది వ్యాసంలో మీరు బండ వేషాన్ని ముందు పెడితే, మొదటిది బైరాగి వేషమని, బండ వేషం ఆ తర్వాతని ఒక చదువరి కార్డు రాశారని మీ ఉత్తరంలోనే ఉంది. ఆ సంగతి ముందుమాటలోకి ఎందుకు రాలేదు? ఇలా రాసి చూడండి: ‘బైరాగి వేషం తర్వాతే బండ వేషమని కార్డు రాసి నా పొరపాటు దిద్దిన చదువరికి, బాగున్నవీ బాగులేనివీ చదివి చెప్పిన అందరికీ కృతజ్ఞతలు. మీ ఋణం తీర్చుకోలేనిది.’ ‘హృదయపూర్వక’ లేకపోయినా లోటు కనిపించదు.

మన వైపు పల్లెల్లో ఈ మాటలేవీ లేకుండానే పని నడుస్తుంది. తిరుపతి బస్టాండులో కాణిపాకం బస్సు ఏదో చూపించి, సంచీ పైకి అందించిన కుర్రాడితో పెద్దామె ‘పున్నెముంటాది నాయనా, సల్లంగుండు’ అని కిటికీ పక్కన కూలబడుతుంది. మేలు పొందిన మనిషి దీవించడం మనకు కొత్త కాదు. మీ వయసుకు ‘చల్లగా ఉండండి’ అని ముగించినా ఎవరూ తప్పు పట్టరు.

చివరి ‘ఇట్లు మీ విధేయురాలు’ సెలవు చీటీకి బాగుంటుంది. విధేయురాలంటే చెప్పినట్టు వినేది. పాఠకులు చెప్పినట్టల్లా మీరు రాయబోవడం లేదు కదా! పేరు, ఊరు, తేదీ వేయండి.