టెక్ సందేహాలు: సైకిల్ షాక్‌లో గాలి ఎంత ఉండాలి?

ప్రశ్న: నమస్కారం సార్. మాది గుంటూరు. ఉద్యోగం అమెరికాలో, ఆర్కాన్సా రాష్ట్రం బెంటన్‌విల్‌లో. ఇక్కడ మా ఆఫీసులో సగం మందికి మౌంటెన్ బైక్ పిచ్చి. వాళ్లను చూసి నేనూ ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న బైక్ కొన్నాను. ముందు ఫోర్క్ 140 మి.మీ., వెనక చక్రం 130 మి.మీ. కదులుతాయి. వెనక షాక్ (కుదుపులు మింగే గాలి గొట్టం) మీద 210×50 అని ఉంది. నా బరువు 86 కిలోలు. యాప్‌లో బరువు కొడితే వెనక షాక్‌కు 190 పీఎస్ఐ పెట్టమంది, పెట్టాను. కూర్చుంటే షాక్ మీది రబ్బరు రింగు 9 మి.మీ. దగ్గరే ఆగుతోంది. రాళ్ల మీద దిగేటప్పుడు వెనక చక్రం గాడిదలా తంతోంది. అరగంటకే అరచేతులు మండిపోతున్నాయి. పైగా పంపు తీసిన ప్రతిసారీ బుస్సుమని గాలి పోతోంది. మళ్లీ బిగించి చూస్తే 15 తక్కువ చూపిస్తోంది. అదో టెన్షన్. వెనక షాక్ లేని నా పాత సైకిలే నయమనిపిస్తోంది. షాక్ పాడైందా? సెన్సర్ ఏదైనా కొనాలా?

జవాబు: షాక్ పాడవలేదు. సెన్సర్ మీ దగ్గర ఇప్పటికే ఉంది. మీరు చెప్పిన ఆ రబ్బరు రింగే, షాక్ ఎంత కుంగితే అంత జరిగి అక్కడే ఆగేది. ఇన్ని వేల డాలర్ల బండిలో అబద్ధం చెప్పని భాగం అదొక్కటే అంటాను నేను.

ముందు ఆ బుస్సు సంగతి. మీరు విన్నది షాక్‌లోంచి పోయిన గాలి కాదు, పంపు గొట్టంలో మిగిలిన గాలి. పంపు విప్పుతుంటే వాల్వు ముందే మూసుకుంటుంది, ఆ తర్వాత గొట్టం ఖాళీ అవుతుంది. మళ్లీ బిగించినప్పుడు ఆ ఖాళీ గొట్టం నిండడానికి షాక్‌లోంచే కొంత గాలి బయటికి వస్తుంది. షాక్ గది చాలా చిన్నది కాబట్టి ఆ కాస్తకే పంపు మీటరు ముల్లు 10, 15 పడిపోతుంది. అంటే మీరు చూడటం వల్లే తగ్గింది. చూసిన ప్రతిసారీ కావలసిన అంకె దాకా కొట్టి విప్పేయండి, అంతే.

ఇక అసలు విషయం. మీరు ఎక్కి కూర్చోగానే మీ బరువుకు షాక్ కొంత లోపలికి దిగుతుంది. దాన్ని సాగ్ అంటారు. వినడానికి మన సాగడంలా ఉంటుంది గానీ జరిగేది కుంగడం. ఆ కుంగుడు ఎందుకంటే, చక్రం గుంతలో పడినప్పుడు కిందికి చాచుకోవడానికి కూడా చోటుండాలి. 210×50లో రెండో అంకె మీ షాక్ లోపలికి దిగగలిగే దూరం, 50 మి.మీ. మీలాంటి ట్రైల్ బైక్‌కు (కొండ, అడవి బాటల్లో తొక్కేది) వెనక 25 నుంచి 30 శాతం కుంగాలి. అంటే రింగు 13, 15 మి.మీ. మధ్య ఆగాలి. మీది 9 దగ్గర, 18 శాతానికే ఆగింది. షాక్ గట్టిగా ఉంది. తన్నడమూ, చేతుల మంటా చాలావరకు అక్కడివే.

మరి యాప్ తప్పు చెప్పిందా? పూర్తిగా కాదు. 86 కిలోలంటే 190 పౌండ్లు. బరువు ఎన్ని పౌండ్లో అన్ని పీఎస్ఐ పెట్టి మొదలుపెట్టమనేది ఫాక్స్ లాంటి షాక్ తయారీ కంపెనీలు కూడా చెప్పే లెక్కే. మొదలుపెట్టమని మాత్రమే. ఆ లెక్కకు మీ ఫ్రేము తెలియదు. మీ బైక్‌లో షాక్ 50 మి.మీ. దిగితే చక్రం 130 కదులుతుంది, అంటే 2.6 రెట్లు. అదే షాక్‌ను 150 కదిలే ఫ్రేములో పెడితే 3 రెట్లు. గడ్డపారతో బండరాయి లేపేటప్పుడు ఎక్కడ పట్టుకు నొక్కుతున్నామన్న దాన్ని బట్టి చేతికి బరువు మారినట్టు, అదే మనిషి అదే షాక్ మీద ఒక ఫ్రేములో ఎక్కువ బరువు వేస్తాడు, ఇంకో ఫ్రేములో తక్కువ. అందుకే పక్క క్యూబికల్ మిత్రుడి అంకె మీకు పనికిరాదు.

ఇప్పుడు మొదటి నుంచి చేద్దాం. రైడ్‌కు వెళ్లే వేషం మొత్తం వేసుకోండి. హెల్మెట్, బూట్లు, బ్యాగు, అందులో నీళ్లు. 3 లీటర్ల నీళ్లే 3 కిలోలు. ఇంట్లో లుంగీ మీద కొలిస్తే వచ్చేది లుంగీ మీద తొక్కడానికి పనికొచ్చే అంకె. షాక్ మీది నీలం మీటను పూర్తిగా తెరిచి ఉంచండి. మీరు రాయలేదు గానీ, కొత్తవాళ్లు పదిమందిలో సగం మంది దాన్ని గట్టి వైపు వదిలేసి కొలుస్తారు. అలా కొలిస్తే రింగు ఎప్పటికీ కిందికి దిగదు.

గాలి ఒకేసారి కొట్టకండి. లోపల రెండు గదులుంటాయి. ఒకటి మిమ్మల్ని పైకి నెట్టేది, రెండోది షాక్ మొదట్లో మెత్తగా కదలడానికి ఎదురు లాగేది. పంపు గాలి మొదటి గదికే వెళ్తుంది. సీటు మీద చేత్తో నొక్కి షాక్‌ను పావు వంతు దాకా నెమ్మదిగా పది సార్లు కదిలిస్తే గాలి రెండో గదికి సర్దుకుంటుంది. ప్రతి 50 పీఎస్ఐకి ఒకసారి ఇలా చేయాలి. చేస్తుంటే ముల్లు కాస్త పడుతుంది, కంగారు వద్దు. ఇది చేయకుండా కొలిస్తే షాక్ ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది. గాలి తీసేటప్పుడూ నెమ్మదే. గబుక్కున వదిలేస్తే రెండో గదిలో ఒత్తిడి మిగిలిపోయి షాక్ కిందికి గుంజుకుపోయి అలాగే ఉండిపోతుంది.

తర్వాత గోడ పక్కన బండి నిలబెట్టి ఎక్కండి. మోచెయ్యి మాత్రం గోడకు ఆనించి, తొక్కేటప్పుడు కూర్చునే భంగిమలోనే కూర్చోండి. ఎగరకండి. రింగును రబ్బరు సీలు దాకా నెట్టమని పక్కన ఎవరినైనా అడగండి. ఇక దిగడంలోనే ఉంది కిటుకు. ధబీమని దిగితే రింగు ఇంకో నాలుగు మి.మీ. జరిగిపోతుంది. పడుకున్న పిల్లాడి పక్కనుంచి లేచినట్టు దిగాలి. స్కేలు పెట్టి సీలు నుంచి రింగు దాకా కొలవండి. 13కి తక్కువ వస్తే 5 పీఎస్ఐ తీయండి, మళ్లీ పది సార్లు కదిలించండి, మళ్లీ ఎక్కండి. నాలుగైదు సార్లు ఎక్కి దిగాక 14 దగ్గర కుదురుతుంది. ఆ అంకె ఫోన్ నోట్స్‌లో రాసుకోండి, తేదీతో సహా.

ముందు ఫోర్క్‌కూ ఇదే పద్ధతి. కాకపోతే 15 నుంచి 20 శాతం చాలు, నిలబడి కొలవాలి. మీ 140కి 21 నుంచి 28 మి.మీ.

ఇప్పుడు షాక్ మీది ఎర్ర మర. నొక్కుకున్న షాక్ ఎంత వేగంగా తిరిగి లేవాలో చెప్పేది అది. రాక్‌షాక్స్ అనే ఇంకో షాక్ కంపెనీ వాళ్లు దాని మీద కుందేలు, తాబేలు బొమ్మలు వేస్తారు, చదువు రానివాళ్లకూ అర్థమవుతుంది. కుందేలు మరీ ఎక్కువైతే మీరు చెప్పిన గాడిద తన్నులు. తాబేలు ఎక్కువైతే వరసగా రాళ్లు వచ్చినప్పుడు ఒక దెబ్బ నుంచి లేవకముందే ఇంకో దెబ్బ పడి, షాక్ దిగిపోయినదే దిగిపోతూ చెక్కలా బిగుస్తుంది. రెండింటిలోనూ చేతులకు తెలిసేది ఒకటే, "గట్టిగా ఉంది" అని. అందుకే జనం గాలి తీసేస్తూ పోతారు, రోగం మాత్రం ఎర్ర మరలో ఉంటుంది.

దీనికి మీ ఫోన్ పనికొస్తుంది. మరను కుడివైపు ఆగేదాకా తిప్పి, అక్కడి నుంచి వెనక్కి టిక్కు టిక్కుమనే క్లిక్కులు లెక్కపెట్టుకుంటూ సగంలో ఉంచండి. ఫుట్‌పాత్ అంచు మీద నుంచి కూర్చునే కిందికి దిగండి. పక్క నుంచి ఎవరినైనా స్లో మోషన్‌లో, సెకనుకు 240 బొమ్మల చొప్పున వీడియో తీయమనండి. బండి వెనక భాగం కుంగి, లేచి, ఒక్కసారి ఊగి ఆగాలి. రెండు మూడు సార్లు ఊగితే తాబేలు వైపు రెండు క్లిక్కులు. ఊగకుండా బద్ధకంగా లేస్తే కుందేలు వైపు. గాలి తగ్గించాక లేచే బలమూ తగ్గుతుంది కాబట్టి పాత క్లిక్కులు ఇప్పుడు నెమ్మదిగా అనిపిస్తాయి. గాలి మార్చిన ప్రతిసారీ ఈ మరనూ చూసుకోవాలి. ఒక రైడ్‌లో ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఏది మేలు చేసిందో దేవుడికే ఎరుక.

చేతుల మంటకు ఇంకో అనుమానితుడున్నాడు. టైర్లలో ఎంత గాలి ఉందో మీరు రాయలేదు. పాత సైకిల్ అలవాటుతో 40 కొట్టి ఉంటే ఎంత మంచి షాకైనా ఏం చేస్తుంది? ట్యూబ్‌లెస్ వెడల్పు టైర్లకు మీ బరువుకు 23 నుంచి 27 మధ్య చూడండి.

అన్నీ కుదిరాక కూడా, మామూలు దారిలోనే రింగు రోజూ చివరికంటా పోయి ఠక్కుమని తగులుతుంటే, గాలి గదిలో ప్లాస్టిక్ స్పేసర్ ఒకటి వేయాలి. గది చిన్నదై, చివర్లో మాత్రం గట్టిపడుతుంది, మొదట్లో మెత్తదనం పోదు. నెలల తరబడి తిరిగినా చివరి 10 మి.మీ. ఎప్పుడూ వాడకపోతే ఒకటి తీసేయాలి. మూత విప్పే ముందు గాలి మొత్తం తీయడం మరిస్తే ఆ మూత తుపాకి గుండే.

సెన్సర్లంటారా, ఉన్నాయి. షాక్‌విజ్ అనే డబ్బీ గాలి వాల్వుకు బిగించుకుని, ఒత్తిడి ఎలా మారుతోందో చూసి ఫోన్‌కు సలహాలు పంపుతుంది. ఎవరి దగ్గరైనా ఉంటే ఒక వారాంతం అడిగి తెచ్చుకోండి, కొనక్కర్లేదు. 2021లో రాక్‌షాక్స్ తెచ్చిన ఫ్లైట్ అటెండెంట్ అయితే ఎక్కుతున్నారా దిగుతున్నారా చూసి, షాక్‌ను తనే బిగించి తనే వదులు చేస్తుంది. అంత ఖరీదైన దానిలోనూ గాలి మాత్రం మనమే కొట్టాలి, రింగు మనమే చూడాలి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాను. ఆన్‌లైన్‌లో 20 వేలకు డ్యూయల్ సస్పెన్షన్ సైకిల్ కొన్నాను. అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే తొక్కిన ప్రతిసారీ ఉయ్యాలలా ఊగుతోంది. పెట్రోల్ బంకులో షాక్‌కు గాలి కొట్టించవచ్చా?

జవాబు: మీ షాక్‌లో గాలి ఉండదు. చుట్టల స్ప్రింగు కనిపిస్తోంది కదా, దాని మీద 750 అనో 850 అనో అంకె ఉంటుంది. అది ఆ స్ప్రింగు గట్టిదనం. పైన ఉన్న రింగును తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందనుకుంటారు గానీ, బండి మొదట్లో ఎంత కుంగాలన్నదే మారుతుంది. అదీ ఒకటి రెండు చుట్లు బిగించే దాకానే. ఈ ధరలో లోపల నూనె డ్యాంపర్ దాదాపు ఉండదు, ఊగుడును ఆపేది ఏదీ లేదు. ఎక్కువ అంకె ఉన్న, అదే కొలత స్ప్రింగు దొరికితే మార్పించండి, కొంత తగ్గుతుంది. పిండి కొద్దీ రొట్టె. ఇంకా కొననివాళ్లకు చెప్తున్నాను, ఈ డబ్బుకు ముందు ఫోర్క్ మాత్రమే ఉన్న సైకిల్ తీసుకోండి. బరువు తగ్గుతుంది, బ్రేకులు మంచివి వస్తాయి.

బంకు మాట ఎత్తారు కాబట్టి నా ఘనకార్యం ఒకటి. ఒకప్పుడు గాలి షాక్ ఉన్న బండిని నేనూ బంకుకు తీసుకెళ్లాను. గొట్టం పెట్టగానే అందులోని గాలి షాక్‌లోకి పోలేదు, షాక్‌లోని గాలే గొట్టంలోకి పోయింది. కారు టైరుకు కొట్టే మిషన్‌లో ఒత్తిడి తక్కువ, షాక్‌లో ఎక్కువ మరి. సెకనులో సీటు నా మోకాలి దగ్గరికి దిగిపోయింది. నాలుగు కిలోమీటర్లు నడిపించుకుంటూ ఇంటికి వచ్చాను. గాలి షాక్‌కు 300 పీఎస్ఐ దాకా పోయే చిన్న షాక్ పంపే వాడాలి.

ప్రశ్న: వేసవిలో హైదరాబాద్ నుంచి బైక్‌ను లేహ్ తీసుకెళ్తున్నాం. ఎత్తుకు వెళ్తే ఫోర్క్‌లో ఒత్తిడి పెరుగుతుందని, గాలి తగ్గించి తీసుకెళ్లమని మిత్రులంటున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. హైదరాబాద్‌లో 38 డిగ్రీల ఎండలో ఫోర్క్‌లో 70 పీఎస్ఐ కొట్టారనుకోండి. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తు. బయటి గాలి పలచబడటం వల్ల ముల్లు దాదాపు 4 పెరుగుతుంది. కానీ అక్కడ తెల్లవారుజామున 5 డిగ్రీలుంటే, చలికి లోపలి గాలి ముడుచుకుని 9 దాకా తగ్గుతుంది. కలిపి చూస్తే 65 దగ్గర తేలుతుంది. మిత్రుల మాట విని ముందే తగ్గించుకుంటే అక్కడ ఫోర్క్ మరీ మెత్తబడుతుంది. షాక్ పంపు సామానులో పెట్టుకుని, అక్కడ చేరాక మళ్లీ రింగు చూసి సర్దుకోండి.

ప్రశ్న: రూటు మ్యాప్ కోసం ఐఫోన్‌ను సైకిల్ హ్యాండిల్‌కు బిగించి రాళ్ల దారిలో తిరుగుతున్నాను. ఈ మధ్య కెమెరా ఫోకస్ సరిగా కుదరడం లేదు. సంబంధం ఉందా?

జవాబు: ఉండొచ్చు. చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా చూసే భాగం లెన్సును అయస్కాంతాల మధ్య తేలేలా పట్టుకుంటుంది. ఎక్కువ శక్తిగల మోటార్‌సైకిల్ ఇంజిన్ల అదురు అదేపనిగా తగిలితే ఆ భాగం దెబ్బతినవచ్చని యాపిల్ 2021లో హెచ్చరించింది. సైకిల్‌కు ఇంజిన్ లేదు గానీ, రాళ్ల దారిలో హ్యాండిల్ అదురు తక్కువేమీ కాదు. ముందు కెమెరా యాప్‌లో ఒక దూరపు బోర్డును చూడండి. బొమ్మ దానంతటదే వణుకుతుంటే లెన్సు భాగమే పోయింది, సర్వీస్ సెంటరే గతి. వణక్కపోతే కవరు, లెన్సు అద్దం తుడిచి చూడండి. ఇకముందు హ్యాండిల్‌కు చిన్న జీపీఎస్ కంప్యూటర్ బిగించుకుని, ఫోన్‌ను జేబులో పెట్టుకోండి. ప్యాంటు వెనక జేబులో మాత్రం వద్దు.