కౌబాయ్స్ పార్సన్స్‌ను వదులుకోవడం సరైనదేనా? స్టార్లకు అడిగినంత ఇస్తే జట్టు నిలుస్తుందా?

మీరు అడిగింది ఇది: అమెరికన్ ఫుట్‌బాల్‌లో స్టార్లు అడిగినంత జీతం ఇచ్చుకుంటూ పోతే జట్టు బలహీనపడదా, డాలస్ కౌబాయ్స్ జట్టు తన డిఫెన్స్ స్టార్ మైకా పార్సన్స్‌ను వదులుకున్నది అందుకేనా అని.

నేను పన్నెండేళ్లుగా డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాను. కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసే చోటు మా ఇంటికి పది నిమిషాల దూరం. ఈ ఆట నాకు అలవాటైంది మా అబ్బాయి వల్ల. 2025 ఆగస్టు 28, గురువారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా వాడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "నాన్నా, మైకాని ప్యాకర్స్‌కి ఇచ్చేశారు." సాయంత్రం ఇంటికెళ్లి చూస్తే 11వ నంబర్ జెర్సీ మడిచి ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. పుట్టినరోజుకి నేను కొనిచ్చిన జెర్సీ అది. "అంత డబ్బు ఇవ్వలేరు కదరా, మిగతా వాళ్లకి మిగలదు" అన్నాను. ఆ మాట అన్నానే గానీ అది నిజమో కాదో నాకే తెలియదు. తర్వాత కొన్ని వారాలు కూర్చుని లెక్కలు చూశాను. అప్పటికీ ఇప్పటికీ నా అభిప్రాయం మారింది.

ముందు శాలరీ క్యాప్ గురించి చెప్పాలి. ఐపీఎల్ వేలంలో ఒక్కో ఫ్రాంచైజీకి ఇంత పర్స్ అని ఉన్నట్టే ఈ ఆట లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో ప్రతి జట్టుకూ ఏడాదికి ఒక పరిమితి ఉంటుంది. ఇది 1994లో మొదలైంది. 2025లో ఆ పరిమితి 279.2 మిలియన్ డాలర్లు. యజమాని దగ్గర ఎంత ఆస్తి ఉన్నా 53 మంది జట్టును అందులోనే సర్దుకోవాలి. ఒకడికి ఎక్కువ ఇస్తే ఇంకొకడికి తగ్గాల్సిందే.

ఇది నాకు నిజంగా అర్థమైంది ఆఫీసు ఫ్యాంటసీ లీగ్‌లో. అందులో ఒక్కొక్కరికి 200 డాలర్ల ఉత్తుత్తి డబ్బు ఇచ్చి వేలం పెడతారు. మొదటి ఏడాది ఇద్దరు స్టార్ల మీదే 125 పెట్టేశాను. మిగతా జట్టంతా ఒకటి రెండు డాలర్లకు దొరికినవాళ్లే. ఐదో వారంలో ఆ ఇద్దరిలో ఒకడికి మోకాలు దెబ్బతింది. ఆ స్థానంలో దింపడానికి బెంచ్ మీద చెప్పుకోదగ్గవాడు ఒక్కడూ లేడు. జట్టు లోతు అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

ఇక కౌబాయ్స్ సంగతి. 2024 ఆగస్టులో బంతి అందుకునే రిసీవర్ సీడీ లాంబ్‌కు నాలుగేళ్లకు 136 మిలియన్లు, సెప్టెంబర్‌లో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కు నాలుగేళ్లకు 240 మిలియన్లు రాసిచ్చారు. సగటున ఏడాదికి ఒకరికి 34, ఇంకొకరికి 60. పార్సన్స్‌కు గ్రీన్ బే ప్యాకర్స్ ఇచ్చింది నాలుగేళ్లకు 188, అంటే ఏడాదికి 47. మూడూ కలిపితే 141. పైకి చూస్తే ముగ్గురికే సగం పర్స్ అయిపోయి, మిగతా యాభై మందికి సగం మిగులుతుంది. నేను మా వాడికి చెప్పిన మాట సరైనదే అనిపిస్తుంది.

కానీ క్యాప్ లెక్క అంత నేరుగా ఉండదు. ఆటగాడికి సైనింగ్ బోనస్‌గా 50 మిలియన్లు ఒకేసారి చేతికిచ్చినా, లెక్కలో దాన్ని ఐదేళ్లకు పరిచి ఏడాదికి పదే చూపించవచ్చు. దానికి ఇబ్బంది కూడా ఉంది. రెండేళ్లకే అతన్ని పంపించేస్తే మిగతా 30 మిలియన్లు జట్టు నెత్తినే పడతాయి. దాన్నే డెడ్ మనీ అంటారు. ఇంకోవైపు క్యాప్ కూడా ఏటా పెరుగుతోంది. 2024లో 255.4 ఉన్నది ఒక్క ఏడాదిలో దాదాపు 24 మిలియన్లు పెరిగింది. కాబట్టి ముగ్గురినీ ఉంచుకోవడం కష్టమే గానీ అసాధ్యం కాదు.

కౌబాయ్స్‌ను దెబ్బతీసింది జాప్యం అని నా గట్టి నమ్మకం. పార్సన్స్ ఆడే స్థానంలో, అంటే ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాళ్లకు, ధరలు ఎలా పెరిగాయో చూడండి. 2023 సెప్టెంబర్‌లో నిక్ బోసాకు ఏడాదికి 34 ఇస్తే అబ్బో అన్నారు. 2025 మార్చిలో మైల్స్ గారెట్ 40కి చేరాడు. జులైలో టీజే వాట్ 41. ఆగస్టు చివరికి పార్సన్స్ 47. ఎదురుచూసిన కొద్దీ ధర పెరిగింది. అదే ఫిలడెల్ఫియా ఈగల్స్ ఏం చేసింది? జేలెన్ హర్ట్స్‌కు 2023 ఏప్రిల్‌లోనే, ఏజే బ్రౌన్, డివాంటా స్మిత్‌లకు 2024 ఏప్రిల్‌లోనే కొత్త కాంట్రాక్టులు ఖాయం చేసేసింది. మరోపక్క డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, తక్కువ జీతానికి వచ్చిన కుర్రాళ్లను నమ్ముకుంది. 2025 ఫిబ్రవరిలో లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో ఎదుటి జట్టు విసిరిన బంతిని మధ్యలో అందుకుని టచ్‌డౌన్ చేసిన కూపర్ డిజీన్ అలా వచ్చినవాడే, అతనికి అది మొదటి సీజన్. స్టార్లకూ ఇచ్చింది, కప్పూ గెలిచింది.

ఆటగాళ్లది అత్యాశ అనేవాళ్లతో నేను అసలు ఒప్పుకోను. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా. ఈ ఆటలో కాంట్రాక్టు మీద రాసిన మొత్తం అంతా గ్యారంటీ కాదు. కౌబాయ్స్‌లోనే ఎజికీల్ ఎలియట్ 2019లో సీజన్ ముందు జరిగే శిక్షణ క్యాంప్‌కు రాకుండా పట్టుబట్టి ఆరేళ్లకు 90 మిలియన్ల కాంట్రాక్టు తెచ్చుకున్నాడు. 2023 మార్చిలో జట్టు అతన్ని తీసేసింది. ఆరేళ్లూ ఉంచాలన్న నియమం జట్టుకు లేనప్పుడు, గ్యారంటీ కోసం ఆటగాడు పట్టుబడితే తప్పేమిటి? పార్సన్స్‌నే తీసుకోండి. ట్రేడ్ అయిన ఏడాదే డిసెంబర్‌లో అతని మోకాలి లిగమెంట్ తెగింది. చేతిలో గ్యారంటీ లేకుండా ఆడుతూ ఉండి ఉంటే అతని పరిస్థితి ఏమిటి? అది చదివిన రోజు నాకు కడుపులో తిప్పినట్టయింది.

స్టార్‌ను పంపించినా జట్టు నిలబడవచ్చు, దానికీ ఉదాహరణ ఉంది. కాన్సాస్ సిటీ చీఫ్స్ 2022 మార్చిలో టైరీక్ హిల్‌ను మయామీకి ఇచ్చి ఐదు డ్రాఫ్ట్ పిక్స్, అంటే డ్రాఫ్ట్‌లో కుర్రాళ్లను ఎంచుకునే వంతులు, తీసుకుంది. తర్వాతి రెండు సూపర్ బౌల్స్ గెలిచింది. మహోమ్స్ లాంటి క్వార్టర్‌బ్యాక్ ఉండటం ఒక కారణం. ట్రేడ్ మార్చిలో జరగడం ఇంకో కారణం. డ్రాఫ్ట్‌కు నెల రోజులుంది, మిగిలిన డబ్బుతో కొత్తవాళ్లను తెచ్చుకునే వీలుంది. కౌబాయ్స్ చేసింది సీజన్ ఇంకో వారం ఉందనగా. బదులుగా వచ్చినవి కెన్నీ క్లార్క్ అనే ఆటగాడు, 2026లో ఒక ఫస్ట్ రౌండ్ పిక్, 2027లో ఇంకొకటి. ఆ ఏడాది మైదానంలో దిగినవాడు క్లార్క్ ఒక్కడే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. ఆ సీజన్ 7 గెలుపులు, 9 ఓటములు, ఒక టై.

కాబట్టి స్టార్ అడిగింది ఇవ్వాలా వద్దా అన్నది ఏడాదిన్నర ముందే తేల్చుకోవాలి. ఇచ్చేటట్టయితే ధర పెరగకముందే ఇవ్వాలి. వద్దనుకుంటే మార్చిలోనే మంచి బేరానికి పంపాలి. ఆగస్టు దాకా సాగదీస్తే రెండు దారులూ మూసుకుపోతాయి.

ఆ ఒక్క టై మ్యాచ్‌కి మేమిద్దరం వెళ్లాం. సెప్టెంబర్ 28, ఆర్లింగ్టన్‌లో ప్యాకర్స్‌తో. మా వాడు 11వ నంబర్ జెర్సీయే వేసుకొచ్చాడు, పైన జాకెట్ తొడిగి జిప్ మెడ దాకా లాక్కున్నాడు. ఓవర్‌టైమ్‌లో గోల్ లైన్ దగ్గర డాక్ బంతి పట్టుకుని పరిగెడుతుంటే పార్సన్స్ అందుకుని పడగొట్టాడు. ఆరు పాయింట్ల టచ్‌డౌన్ రావాల్సిన చోట మూడు పాయింట్లతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. చివర్లో ప్యాకర్స్ కూడా మూడు కొట్టారు. 40-40. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలు పట్టుకుంటే మా వాడు జిప్ కిందికి లాగి జెర్సీ మీద నంబర్ చూసుకున్నాడు. కారెక్కాక చాలాసేపు మాట్లాడలేదు. ఇల్లు దగ్గర పడుతుండగా అడిగాడు: "నాన్నా, 2027 పిక్ వచ్చేసరికి నేను ఏ గ్రేడ్‌లో ఉంటాను?"